మెరుపుబంకు దగ్గర చలివేంద్రం

బండల కాలనీలో ఫ్యాను ఆగిందంటే మిట్ట మీది బంకుకు లారీ వచ్చిందని అర్థం. ఈ సంగతి నడక రాని పిల్లలకు కూడా తెలుసు. రెక్కలు నెమ్మదించగానే ఉయ్యాలలోని బిడ్డ ఏడుపు మొదలుపెడుతుంది. లారీ కడుపు నింపుకుని వెళ్ళిపోగానే ఫ్యాను మళ్ళీ తిరుగుతుంది, బిడ్డ ఊరుకుంటుంది. అంతలో ఇంకో లారీ వస్తుంది.

వెయ్యడానికీ ఆపడానికీ ఇంట్లోవాళ్ళ చేతుల్లో ఏమీ లేదు. గోడలకు స్విచ్చులుండే కాలం ఎప్పుడో పోయింది. పాత ఇళ్ళలో వాటిని పీకేసి సిమెంటు పూసిన చదరపు మచ్చలు మాత్రం మిగిలాయి. ఏ ఇంట్లో ఏది ఎప్పుడు తిరగాలో ఇప్పుడు భారసూత్రి చూసుకుంటుంది. దేశంలోని తీగలన్నిటి మీదా ఎంత బరువు పడుతోందో కనిపెడుతూ, ఒకచోట తగ్గించి మరొకచోట పెంచే యంత్రబుద్ధి అది. అది వచ్చాక కరెంటు పోవడమనే మాటే లేకుండా పోయిందని ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంటుంది. నిజమే, పోదు. కాసేపు పక్కింటికి వెళ్ళివస్తుంది, అంతే.

విద్యుత్ భద్రతాధికారి చౌడేశ్వరి కారు మిట్ట ఎక్కేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. ఎండకట్టు అమల్లో ఉన్న వేళ అది. వేసవిలో పొద్దు నెత్తికెక్కినప్పటి నుంచి వాలేదాకా, ఆమెలాంటి అత్యవసర అధికారులు తప్ప, మనుషులెవరూ బయట తిరగకూడదని చట్టం. జనం రోడ్ల మీదే కూలిపోతున్న రోజుల్లో, మంచికే తెచ్చారు. అయితే ఆ చట్టం మనుషులకే గాని లారీలకు లేదు. తోలేవాడు లేని లారీకి వడదెబ్బ తగలదు కదా. అందుకే మనుషులు ఇళ్ళలోకి వెళ్ళి తలుపులు వేసుకునే వేళకే అవి ఖాళీ రోడ్ల మీదికి బారులు తీరి బయలుదేరేవి. గుత్తి నుంచి తాడిపత్రి పోయే ఆ దారిలో మిట్ట మీది మెరుపుబంకు దగ్గర ఆగి, మనిషి టీ తాగేపాటి సమయంలో బ్యాటరీలు నింపుకుని వెళ్ళిపోయేవి.

పూర్వం ఇలాంటి బంకు పెట్టాలంటే దానికంటూ వేరే లైను లాగాలనీ, ఊరి కరెంటుతో దానికి సంబంధం ఉండకూడదనీ గట్టి నిబంధన ఉండేది. ఒక్క లారీ ఒక్క గుటకలో తాగే కరెంటు చిన్న పల్లె మొత్తం వాడుకునే దానికంటే ఎక్కువ మరి. భారసూత్రి వచ్చాక ఆ నిబంధన సడలించారు. కొత్త తీగలు, కొత్త స్తంభాలు అక్కర్లేదు, ఉన్న లైను మీదే సర్దుకోవచ్చు అన్నారు. సర్దుకోవలసింది ఎవరో మాత్రం ఎక్కడా రాయలేదు.

చౌడేశ్వరి కారు దిగి, తలకు తడిబట్ట చుట్టుకుని, బంకు రేకుల కప్పు కిందికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. ఇనుప బీరువాల్లాంటి యంత్రాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక లారీ మణికట్టంత లావున్న కేబులును నోట కరుచుకుని గుర్రుమంటోంది. మనిషి జాడ లేదు.

"నమస్కారం, చౌడేశ్వరి గారూ. వార్షిక భద్రతా పరీక్షకు బంకు సిద్ధంగా ఉంది." చెవిలో పెట్టుకున్న పలుకుగింజలోంచి భారసూత్రి పలికింది. దాని తెలుగు రేడియో వార్తల్లా శుభ్రంగా ఉంటుంది.

ఆమె ముందుగా ఎర్ర బొత్తాం దగ్గరికి వెళ్ళింది. అరచేతి వెడల్పున్న ఆ బొత్తాం ప్రతి బంకుకూ ఉండి తీరాలి. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఎవరైనా నొక్కవచ్చు, అని దాని కింద తెల్లటి అక్షరాలతో రాసి ఉంటుంది. నొక్కితే బంకు మొత్తం చచ్చినట్టు పడి ఉండాలి. అధికారి దగ్గరున్న తాళంచెవి తిప్పితే తప్ప మళ్ళీ లేవకూడదు. చౌడేశ్వరి నొక్కింది. గుర్రుమంటున్న లారీ టక్కున ఊరుకుంది. దిగువన కాలనీ వైపు నుంచి పిల్లలు ఒక్కసారిగా 'హో' అని కేకవేశారు. ఏదో ఆటలో ఉన్నారనుకుంది. తాళంచెవి తిప్పింది. బంకు మళ్ళీ గుర్రుమంది. బొత్తాం బాగా పనిచేస్తోంది.

తర్వాత భూబంధం. చౌడేశ్వరి మనసు పెట్టి చేసే పరీక్ష అది. యంత్రంలో ఎక్కడైనా లోపం వచ్చి కరెంటు దారి తప్పితే, దాన్ని మనిషి ఒంట్లోకి పోనివ్వకుండా మట్టిలోకి దించే గొయ్యిని పుస్తకాల్లో భూబంధం అంటారు. జనం నోట అది ఎప్పటికీ ఎర్త్ గొయ్యే. మట్టి తడిగా ఉంటేనే కరెంటును లోపలికి రానిస్తుంది. ఎండిందా, తలుపు మూసుకుంటుంది. వెనకటికి లైన్‌మన్లు వేసవిలో రోజూ బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి గోతుల్లో పోసేవారు. చౌడేశ్వరి తండ్రి అలాంటి లైన్‌మనే. నీళ్ళు లేక ఎండిన గొయ్యి పక్కన ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండానే పోయాడు. ఆమె ఈ ఉద్యోగంలోకి వచ్చింది అందుకే. ఇప్పుడు గోతులకు తడిగొట్టాలున్నాయి. మట్టి తడి తగ్గగానే భారసూత్రి నీళ్ళు వదులుతుంది. కాలనీ కొళాయికి నీళ్ళు వచ్చినా రాకపోయినా గొయ్యికి మాత్రం వస్తాయి. అదీ నిబంధనే. ఆ నిబంధన కోసం పట్టుబట్టిన వాళ్ళలో చౌడేశ్వరి కూడా ఉంది.

కొలమానం తగిలించి చూసింది. అంకె చూసి మళ్ళీ చూసింది. అంత మంచి భూబంధం ఆ జిల్లాలోనే లేదు. ఏటి ఒడ్డున పాతినట్టుంది. ఈ రాతినేలలో ఇదెలా సాధ్యమని ఆశ్చర్యపోతూ బంకు వెనక గోడ దాటి అవతలికి వెళ్ళింది. వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది.

గొయ్యి మీద పందిరి ఉంది. వెదురు గుంజలు నాటి, ఈతాకు కప్పి, అంచులకు పాత చీరలు కట్టారు. కింద నల్లటి తడి ఇసుక. దాని మధ్యలో నాలుగైదు మట్టికుండలు, వాటి మీద మూతలు, ఒక మూత మీద బోర్లించిన చెంబు. కుండల చుట్టూ మనుషులు పడుకుని ఉన్నారు. బండలకు నునుపు పట్టే ఫ్యాక్టరీ ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, చంటిబిడ్డ తల్లి. చెంపలు ఇసుకకు ఆనించి, కాళ్ళు చాపుకుని, ఎండ భయం లేకుండా నిద్రపోతున్నారు.

గొయ్యి చుట్టూ ఉండవలసిన కంకర పరుపు లేదు. దాన్ని ఎత్తి ఒక మూల కుప్ప పోశారు.

"రా పాపా, లోపలికి రా! ఎండన పడి వచ్చినావే!" ఒక పెద్దావిడ గబగబా లేచి, చెంబు కడిగి, కుండలో ముంచి తెచ్చింది. సన్నటి మనిషి, నుదుట బొట్టు లేదు, చేతులకు ఆకుపచ్చ గాజులు. "కూచో, కూచోని తాగు. నిలబడి తాగకూడదు."

చౌడేశ్వరి తాగింది. మెదడు వద్దంటున్నా నోరు ఆగలేదు. ఆ నీళ్ళకు కుండ వాసన, మట్టి చల్లదనం. అలాంటి నీళ్ళు తాగి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

"ఇది ఎవరు పెట్టినారు అవ్వా?"

"నేనే. నా పేరు హుసేనమ్మ. మా నాయన కాలం నుంచి ఈ మిట్ట మీద చలివేంద్రం మాదే. అప్పుడు ఈ దోవన లారీల్లో డ్రైవర్లు పోతాండ్రి, సైకిళ్ళోళ్ళు, నడిచేటోళ్ళు ఎందరో. ఇప్పుడు మనుషులే రారు. అయినా ఒక కుండ దోవన పోయేవాళ్ళకని వేరే పెడ్తా. ఈ యేడు ఆ కుండ నీళ్ళు తాగింది నువ్వే పాపా." ఆవిడ సంబరపడిపోయింది. "ముందు రోడ్డు పక్కన పెడ్తాంటి. ఎండకు కుండలు కాగిపోతాండె. ఈడ చూస్తే మట్టి ఎప్పుడూ తడే. కుండ కింద తడి ఇసుక ఉంటే ఎంత సల్లగుంటాయో నీకు తెలీదా? ఆ గులకరాళ్ళు తీసి పక్కన పోసి, పెన్నలో ఇసుక తెచ్చి పరిచినాం. అందరం తలా ఒక తట్ట మోసినాం."

పక్కనే పడుకున్న యువతి తలెత్తి, "మా అమ్మకు ఇదే పిచ్చి" అంది నిద్రకళ్ళతో. హుసేనమ్మ కూతురు కుళ్ళాయమ్మ. ఫ్యాక్టరీలో నీళ్ళలోనే పని చేసి చేసి ఆమె వేళ్ళు తెల్లగా నానిపోయి ఉన్నాయి.

చౌడేశ్వరి చెంబు కింద పెట్టింది. పుస్తకాల్లో భూబంధం చుట్టూ పశువులు పడుకుంటే ఏమవుతుందో రాసి ఉంది, కంచె ఎందుకో రాసి ఉంది, కంకర ఎందుకో రాసి ఉంది. దాని మీద చలివేంద్రం పెడితే అన్న మాట ఏ దేశపు పుస్తకంలోనూ లేదు. చల్లటి నీళ్ళివ్వడానికి తడి ఇసుక వెతుక్కుంటూ వచ్చి పిడుగు దిగే చోట కుండలు దించాలన్న ఆలోచన, పుణ్యానికి పోయే ఈ జనానికి కాక ఇంకెవరికి వస్తుంది?

"అవ్వా, అందర్నీ లేపు. ఇక్కడ ఒక్క నిమిషం కూడా ఉండకూడదు."

"ఏమైంది పాపా?"

ఆమె కూర్చుని చెప్పింది. యంత్రంలో లోపం వస్తే పై లైను కరెంటు మొత్తం ఈ గొయ్యిలోకి దిగుతుందని చెప్పింది. మట్టిలోకి దిగిన కరెంటు గొయ్యి దగ్గర ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా ఉంటుంది. గొయ్యి వైపు తల, అవతలికి కాళ్ళు పెట్టి పడుకున్న మనిషి ఆ రెండిటి మధ్యా తీగ అయిపోతాడు. కంకర పొడిగా ఉంటుంది కనుక అడ్డం పడుతుంది. తడి ఇసుక అడ్డం పడదు, దారి చూపిస్తుంది. భారసూత్రి రెప్పపాటులో ఆపేస్తుంది నిజమే. గుండె ఆగడానికి ఆ రెప్పపాటు చాలు.

"ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు గదా."

"కానంతవరకూ కాదు అవ్వా. అయిన రోజు మీలో ఒక్కరు కూడా లేవరు. మా నాయన ఇట్లే పోయినాడు."

ఆ మాటకు హుసేనమ్మ మెత్తబడింది. చౌడేశ్వరి చెయ్యి పట్టుకుంది. తర్వాత అడిగింది. "మరి యాడ పండుకోవాల మేము?"

"ఇండ్లలో."

"ఇంట్లో ఫ్యాను తిరిగితే ఈడికెందుకు వస్తాం పాపా? పొద్దు నెత్తికొస్తే లారీ మీద లారీ. రేకుల ఇండ్లు. పెనం మీద రొట్టె మాదిరి కాల్తాం. బయట తిరిగితే చట్టమంటారు, లోపలుంటే ఇట్ల. ఈడ ఇంత తడి దొరికింది, పొద్దున్నించే ముసలోళ్ళు, పిల్లతల్లులు ఈడికి చేరతాండారు, ఆ దేవుడే ఇచ్చినాడనుకుంటిమి."

చౌడేశ్వరి లేచి పక్కకు వెళ్ళి భారసూత్రిని అడిగింది. "ఎండవేళ కాలనీ ఫ్యాన్లు ఆపకుండా ఉండే వీలుందా?"

"రవాణా భారం ప్రథమ శ్రేణి, నివాస భారం ద్వితీయ శ్రేణి. ప్రతి విరామమూ అనుమతించిన పరిధిలోనే ఉంది."

"ఒక్కొక్కటీ సరే. అన్నీ కలిపితే ఎంత?"

"కలిపి లెక్కించాలన్న సూచన లేదు."

"ఆ సూచన ఎవరివ్వాలి?"

"విధాన సంఘం. వినతి పంపమంటారా?"

పంపమంది. అంతకంటే ఆమె చేతిలో ఏముంది? బంకుకు అనుమతి నిరాకరించాలంటే లోపం బంకులో ఉండాలి. ఇక్కడ బంకులో లోపం లేదు. బంకు చుట్టూ ఉన్న మనుషుల్లో ఉంది, దాన్ని సవరించడం తేలిక. భారసూత్రి మరబండిని పంపింది. అది తన ఇనుప చేతులతో కంకరను మళ్ళీ పరిచింది, చుట్టూ కంచె నాటింది, పందిరి గుంజలు ఒక్కొక్కటే ఊడబెరికింది. జనం ఎండలో నిలబడి చూశారు. ఎవరూ తిట్టలేదు. కుండల మీద మాత్రం మరబండిని చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆడవాళ్ళే నెత్తిన పెట్టుకుని కాలనీకి దిగారు.

హుసేనమ్మ చివరగా బయలుదేరింది. దారిన పోయేవాళ్ళ కుండ ఆవిడ చంకలో ఉంది. "నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటాది పాపా. సదువుకున్నదానివి, నాయన్ను పోగొట్టుకున్నదానివి. మా మంచికే చెప్తాండావు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఇంగోసారి వస్తే ఇంటికి రా. నీల్లు అంత సల్లగా ఉండవు, అయినా ఇస్తా."

చౌడేశ్వరి ఆ రోజు ఇంటికి వెళ్ళి అన్నం సరిగా తినలేకపోయింది. తప్పు చెయ్యలేదని తెలుసు.

మూడోనాడు పొద్దున, ఆమె గుత్తిలో ఆఫీసుకు బయలుదేరుతుండగా పలుకుగింజ మోగింది.

"మిట్ట బంకులో ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తీగచుట్ట కాలిపోయింది. పై లైను కరెంటు పూర్తిగా భూబంధంలోకి దిగింది. రక్షణ యంత్రాంగం అనుకున్నట్టే పనిచేసింది. ప్రాణనష్టం లేదు."

ఆమె గోడకు ఆనుకుంది. "బొమ్మ చూపించు" అంది.

అరచేతిలోని పలక మీద గొయ్యి కనిపించింది. కంచె, దాని లోపల బూడిదరంగు కంకర. కంకర సందుల్లోంచి వానపాములు పైకి వచ్చి, మెలికలు తిరిగి చచ్చి పడి ఉన్నాయి. తడిమట్టిలో ఉన్న ప్రాణమల్లా బయటికి రావాలని ప్రయత్నించి రాలేక ఆగిపోయినట్టుంది. ఆ వానపాముల చోట ఆడవాళ్ళ చెంపలు, ముసలివాళ్ళ వీపులు, చంటిబిడ్డ. చౌడేశ్వరికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తండ్రి పోయినప్పటి నుంచి గుండెలో గుచ్చుకుని ఉన్న ముల్లు ఒకటి ఆ పొద్దున ఊడివచ్చినట్టయింది. ఒక్కరిని కూడా పోనివ్వలేదు. ఒక్కరిని కూడా!

"మీ సకాల చర్యను ఆదర్శ చర్యగా నమోదు చేశాను" అంది భారసూత్రి. "కొత్త ట్రాన్స్‌ఫార్మర్ బయలుదేరింది. పొద్దు నెత్తికెక్కేలోగా బంకు నడుస్తుంది."

ఆమె ఆఫీసుకు వెళ్ళిందన్న మాటే గాని మనసంతా మిట్ట మీదే ఉంది. హుసేనమ్మకు ఈ సంగతి తనే చెప్పాలి. ఆ బొమ్మ చూపించాలి. చూశావా అవ్వా, అనాలి. మధ్యాహ్నం పని తెమలగానే దారిలో ఆగి నాలుగు బస్తాల ఏటి ఇసుక కారులో వేయించుకుంది. హుసేనమ్మ ఇంటి గోడ నీడన పరిచి, రోజూ రెండు బిందెల నీళ్ళు పోసుకుంటే కుండలు చల్లగా ఉంటాయి, మనుషులకు కూడా కాస్త ఊరట. నీళ్ళ సంగతి తను మాట్లాడుతుంది. దారి పొడుగునా ఈ ఏర్పాట్లే ఆలోచించుకుంది.

మిట్ట దగ్గర పడుతుండగా కారు నెమ్మదించింది. ముందు లారీలు నిలబడి ఉన్నాయి. ఒకటి కాదు రెండు కాదు, రోడ్డు వంపు తిరిగిందాకా వరసే. పొద్దుట బంకు ఆగిపోయిన కాసేపట్లో పేరుకుపోయినవన్నీ, ఎండవేళ వచ్చేవాటితో కలిసి, ఒకదాని తోక ఒకటి పట్టుకుని కదులుతున్నాయి. ఒకటి నిండి కదిలేలోపే ఇంకొకటి కేబులు తగిలించుకుంటోంది. మధ్యలో వెలితి లేదు.

ఆ వరసను చూసి ఆమెకు అర్థం కావలసింది అర్థం కాలేదు. బంకు బాగా పనిచేస్తోందనుకుంది.

కాలనీలోకి తిరిగేసరికి ఎండకట్టు వేళ ఇంకా ముగియలేదు. అయినా మనుషులు బయటే ఉన్నారు. ఇళ్ళ నీడ ఎటు పడితే అటు గోడలకు అంటుకుని కూర్చున్నారు. ఒక వాకిట్లో ఎవరో ముసలాయనకు చేటతో విసురుతున్నారు. ఆయన నోరు తెరుచుకుని ఉంది. చంటిబిడ్డ తల్లి తడిగుడ్డతో బిడ్డ ఒళ్ళు తుడుస్తోంది. పిల్లల అరుపుల్లేవు. గాలి కదలడంలేదు.

"హుసేనమ్మ ఇల్లు ఎక్కడ?"

చంటిబిడ్డ తల్లి ఆమెను గుర్తుపట్టింది. ఒక గుమ్మం వైపు చెయ్యి చూపించింది.

గుమ్మం ముందు చెప్పులు గుంపుగా ఉన్నాయి. ఆ చెప్పుల్ని చూడగానే చౌడేశ్వరి అడుగు పడలేదు. ఎలాగో లోపలికి వంగింది. రేకుల కింద గది కొలిమిలా ఉంది. నేల మీద చాప. చాప మీద హుసేనమ్మ. నిలువునా తెల్లటి పలుచటి గుడ్డ కప్పారు. ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి కొంచెం బయటికి కనిపిస్తోంది. తలాపున దారిన పోయేవాళ్ళ కుండ. పైన రేకుకు వేలాడుతూ, కదలని ఫ్యాను.

కుళ్ళాయమ్మ తల ఎత్తింది. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. తిడుతుందేమో, లేచి మీద పడుతుందేమో అనుకుంది చౌడేశ్వరి. పడితే బాగుండుననిపించింది.

"నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికే పలుకు లేదక్కా" అంది కుళ్ళాయమ్మ. "ఒళ్ళు నిప్పు మాదిరి ఉండాది. పొద్దున బంకు ఆగినప్పుడు తిరిగిందే, లారీలు మొదలైనాక ఒక్కసారి గూడా ఫ్యాను తిరగలేదంట. బయటికి రమ్మని పక్కింటోళ్ళు పిలిస్తే రాలేదంట. ఇంట్లో ఉండమని ఆ పాప చెప్పి పోయింది గదా, ఏదో కారణం ఉంటాది అనిందంట." గుడ్డ అంచు సరిచేసింది. "నువ్వు చెప్పినట్టే ఇంట్లోనే పండుకునింది."

చౌడేశ్వరి చేతిలో పలక ఉంది. అందులో వానపాముల బొమ్మ ఉంది. చూపించడానికి తెచ్చిన బొమ్మ. ఆమె పలకను వెనక్కి దాచుకుంది.

బయటినుంచి ఎవరో అరిచారు. "నారప్ప తాతకు ఊపిరాడడంలేదు, నీల్లు తేండి!"

ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. కాలనీ దాటి, వాలు ఎక్కి, లారీల మధ్యనుంచి బంకు వైపు పరుగెత్తింది. ఎండ నెత్తిన కొడుతోంది. కారులో వెళ్ళవచ్చన్న సంగతి కూడా తోచలేదు. రేకుల కప్పు కింద ఎర్ర బొత్తాం, దాని కింద తెల్లటి అక్షరాలు. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఎవరైనా నొక్కవచ్చు. ఎవరైనా! మొన్న దాన్ని తనే నొక్కింది. అప్పుడు పిల్లలు కేకవేశారు. ఆట కాదు అది. ఫ్యాన్లు తిరిగాయి. అంతే, ఆ కేకకు అర్థం అంతే. బొత్తాం బాగుందని రాసుకుని తాళంచెవి తిప్పి, ఫ్యాన్లు ఆపి, వాళ్ళను తడి ఇసుక మీదినుంచి లేపి ఆ ఫ్యాన్ల కిందికే పంపింది.

నొక్కింది.

లారీ గుర్రు ఆగింది. దాని వెనక లారీ, దాని వెనక లారీ, వంపు దాకా ఉన్నవన్నీ కదలకుండా నిలబడ్డాయి.

"అత్యవసర నిలుపుదల నమోదైంది" అంది భారసూత్రి. "ప్రాణాపాయం ఎవరికో చెప్పండి. బంకు పరిధిలో మీరు తప్ప మనుషులెవరూ లేరు."

"కిందికి చూడు."

"బంకు పరిధి కంచె వరకే. కారణం చెప్పకపోతే, తాళంచెవి తిప్పి పునరుద్ధరించవలసిందిగా మనవి."

ఆమె తాళంచెవిని జేబులోంచి తీసింది. వెనక గోడ చివర, కంచె లోపల, కంకర మీద ఎండి నల్లబడిన వానపాములు కనిపిస్తున్నాయి. తడిగొట్టం ఎవరికోసమో తెలియకుండా బొట్టుబొట్టుగా నీళ్ళు వదులుతోంది. తాళంచెవిని గట్టిగా విసిరింది. అది ముళ్ళపొదల్లో ఎక్కడో పడింది.

పలుకుగింజను కూడా తీసి పారేసి, వాలు దిగింది. ఈసారి కాలనీ నుంచి కేకలు వినిపించలేదు. చేటతో విసురుతున్న మనిషి చేట పక్కన పెట్టి, ముసలాయన్ని రెక్కలు పట్టుకుని లోపలికి తీసుకుపోతున్నాడు. ముసలాయన కళ్ళు తెరిచి చూస్తున్నాడు.

హుసేనమ్మ ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది. చాలాసేపటి తర్వాత దొరికిన కరెంటుతో గిర్రున తిరుగుతోంది. గదిలోని వేడినంతా గుమ్మంలోంచి బయటికి తోసేస్తోంది. చల్లగా కూడా ఉంది. ఆ గాలికి తెల్లటి గుడ్డ పైకి లేస్తోంది. కుళ్ళాయమ్మ ఒక పక్క పట్టుకుంటే ఇంకో పక్క లేస్తోంది. హుసేనమ్మ ముఖం కనిపిస్తోంది, మూసుకుంటోంది, మళ్ళీ కనిపిస్తోంది.

"అక్కా, దాన్ని ఆపు" అంది కుళ్ళాయమ్మ. అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటతో వచ్చేసింది. "అమ్మ మొహాన గుడ్డ నిలవడంలేదు. ఫ్యాను ఆపక్కా!"

చౌడేశ్వరి గోడ వైపు చూసింది. స్విచ్చు ఉండవలసిన చోట సిమెంటు పూసిన చదరపు మచ్చ ఉంది. అలవాటు తప్పిన చెయ్యి దాని దాకా వెళ్ళి, తడిమి, వెనక్కి వచ్చింది.

ఆమె వచ్చి చాప రెండో పక్కన కూర్చుంది. గుడ్డ అంచును రెండు చేతులతో నేలకు నొక్కి పట్టుకుంది. అటు అంచు కుళ్ళాయమ్మ పట్టుకుంది. హుసేనమ్మను ఎత్తుకుపోవడానికి ఊరివాళ్ళు వచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.